గిండీలో మొదటి అమ్మాయి

మా ఊరు చిలుకూరు. ఆ పేరు చెప్పగానే హైదరాబాద్‌లో అందరూ వీసా బాలాజీ గుడి గురించి అడుగుతారు. అది వేరే చిలుకూరు. మాది సూర్యాపేట జిల్లాలో, కోదాడ నుంచి హుజూర్‌నగర్ పోయే దారిలో ఉంటుంది. సాగర్ ఎడమ కాలువ నీళ్ళు, వరి పొలాలు, ఆ పొలాల మీదుగా పోయే కరెంటు లైన్లు. చిన్నప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని టవర్లు లెక్కపెట్టడం నాకు అలవాటు. ఆ టవర్ ఎక్కడ నిలబెట్టాలి, తీగ ఎంత ఎత్తులో వేలాడాలి, సబ్‌స్టేషన్‌లో ఏ పరికరం పక్కన ఏది ఉండాలి అని ముందుగా కాగితం మీద గీసేవాళ్ళు ఒకరు ఉంటారని మాత్రం బీటెక్ మొదటి సంవత్సరంలో బేసిక్ ఎలక్ట్రికల్ చదివేదాకా ఆలోచించలేదు. మన దేశపు మొదటి మహిళా ఇంజనీర్ దాదాపు ముప్ఫై ఏళ్ళు అదే పని చేశారని, ఆమె తెలుగామె అని తెలిసింది ఇంకా ఆలస్యంగా. ఆమె పేరు అయ్యలసోమయాజుల లలిత.

ఆమె గురించి ఇప్పుడు రాయడానికి ఒక కారణం ఉంది. ఈసారి మా పిన్ని కూతురు ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌కి కూర్చుంది. వెబ్ ఆప్షన్లలో మహిళా కాలేజీలు తప్ప ఇంకేమీ పెట్టొద్దని పిన్ని, బాబాయి. అసలు ఒక్క మహిళా కాలేజీ కూడా పెట్టనని మా చెల్లి. నేను పదో తరగతి దాకా ఆడపిల్లల బడిలోనే చదివాను కాబట్టి ఇద్దరూ నన్నే అడిగారు. నేను చెప్పిన జవాబు ఇద్దరికీ నచ్చలేదు. నిజం చెప్పాలంటే నాకే సరిగ్గా నచ్చలేదు. ఆడపిల్లలు మాత్రమే ఉండే చోట చదివితే తర్వాత ఉద్యోగంలో, జీవితంలో ఏం తేడా వస్తుంది అన్న ప్రశ్నకి ఒక మనిషి జీవితం పట్టుకుని జవాబు వెతుకుదాం అనుకున్నాను. అప్పుడు లలిత గుర్తొచ్చారు.

లలిత 1919 ఆగస్టు 27న మద్రాసులో పుట్టారు. పుట్టింటి పేరు పప్పు. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్. ఏడుగురు పిల్లల్లో లలిత ఐదోవారు. ఇంట్లో మగపిల్లలు ఇంజనీర్లు కావడం మామూలు విషయం. ఆడపిల్లలకి కొంత చదువు, తర్వాత పెళ్ళి, అది కూడా అంతే మామూలు. లలితకి 1934లో, పదిహేనో ఏట పెళ్ళయింది. పెళ్ళయ్యాక కూడా ఆమె చదువు ఆగకుండా తండ్రి చూసుకున్నారు. అలా పదో తరగతి దాకా వచ్చారు. అప్పటికి ఆమె ఇంజనీర్ అవుతారని ఎవరూ అనుకోలేదు, ఆమెతో సహా.

1937లో ఆమెకి పాప పుట్టింది. పాపకి నాలుగు నెలల వయసప్పుడు భర్త చనిపోయారు. లలిత వయసు పద్దెనిమిది.

ఇది రాస్తున్నప్పుడు నా వయసు పంతొమ్మిది. కాబట్టి ఆ వాక్యం దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. కందుకూరి వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరులో. అప్పటికి 56 ఏళ్ళు గడిచాయి. అయినా అలాంటి కుటుంబాల్లో పద్దెనిమిదేళ్ళ వితంతువు జీవితం అంటే ఒక గది, ఒక మూల, శుభకార్యాలకి కనబడకుండా ఉండటం. అదే 1937లో మా చిలుకూరు నిజాం రాజ్యంలో, నల్లగొండ జిల్లాలో ఉండేది. మా ఇంట్లో ఆ తరం ఆడవాళ్ళు వేలిముద్ర వేసినవాళ్ళే. అందుకే మద్రాసులో ప్రొఫెసర్ గారి ఇంట్లో పుట్టడం లలిత అదృష్టం అని ముందే ఒప్పుకోవాలి. కానీ ఆ అదృష్టం ఉన్న ఆడపిల్లలు ఆమెకి ముందు కూడా ఉన్నారు. వాళ్ళలో ఎవరూ గిండీ గేటు దాటలేదు.

లలిత పుట్టింటికి వచ్చేశారు. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. చదువుకుని, ఉద్యోగం చేసి, పాపని తానే పెంచాలని నిర్ణయించుకున్నారు. ఆ రోజుల్లో బాగా చదివే ఆడపిల్ల ముందు రెండే దారులు కనబడేవి. ఒకటి టీచర్, రెండోది డాక్టర్. డాక్టర్ అయితే వేళాపాళా లేకుండా అర్ధరాత్రి కూడా పరిగెత్తాలి, పాపని వదిలి వెళ్ళాలి. అందుకే ఆమె డాక్టర్ చదువు వద్దనుకున్నారు. పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇంటికి వచ్చే పని కావాలి. తండ్రి, అన్నదమ్ములు చేస్తున్న పని కళ్ళ ముందే ఉంది. చరిత్ర సృష్టించాలని ఆమె ఇంజనీరింగ్ వైపు రాలేదు, పసిపిల్ల తల్లిగా టైమింగ్స్ లెక్క వేసుకుని వచ్చారు. నాకు ఈ విషయం చాలా నచ్చింది.

అయితే పదో తరగతి నుంచి గిండీకి నేరుగా దారి లేదు. మధ్యలో ఇంటర్మీడియట్ ఉంది. దానికోసం ఆమె క్వీన్ మేరీస్ కాలేజీలో చేరారు. అది పూర్తిగా ఆడపిల్లల కాలేజీ.

మద్రాసులో మెరీనా బీచ్ ఎదురుగా 1914లో ఈ కాలేజీ మొదలైంది. అప్పుడు దాని పేరు మద్రాస్ మహిళా కళాశాల, 1917లో క్వీన్ మేరీస్ అయింది. మొదటి ప్రిన్సిపాల్ డొరొతీ డి లా హే 1936 దాకా దాన్ని నడిపారు. లలిత చేరేనాటికి ఆమె వెళ్ళిపోయారు కానీ ఆమె పెంచిన వాతావరణం ఉంది. దగ్గర్లోనే ఐస్ హౌస్ అనే పాత భవనం ఉంది. సిస్టర్ సుబ్బలక్ష్మి అక్కడ బాల వితంతువులకి హాస్టల్ నడిపారు. ఆమె కూడా బాల వితంతువే. 1911లో ప్రెసిడెన్సీ కాలేజీ నుంచి డిగ్రీ పూర్తి చేసి, ఆ మరుసటి ఏడాది తనలాంటి పిల్లల కోసం ఆశ్రమం మొదలుపెట్టారు. ఆ హాస్టల్ పిల్లల్లో పై చదువులకి వెళ్ళినవాళ్ళకి క్వీన్ మేరీస్ దగ్గరి కాలేజీ. అంటే బొట్టు లేని అమ్మాయి పుస్తకాలు పట్టుకుని క్లాసులోకి రావడం ఆ వీధికి కొత్త కాదు. ఊరంతా ఒక వితంతువుని వితంతువుగానే చూస్తున్నప్పుడు, ఆ గేటు లోపల ఆమె ఇంకొక విద్యార్థిని మాత్రమే.

ఇక్కడ ఆడపిల్లల బడి గురించి నాకు తెలిసింది కొంచెం చెప్తాను. మా బడిలో బెంచీలు మోయాలన్నా మేమే, ప్రొజెక్టర్ వైరు గుచ్చాలన్నా మేమే. ఫిజిక్స్ ల్యాబ్‌లో బ్యాటరీ, అమ్మీటర్, రియోస్టాట్ కలిపి సర్క్యూట్ పెట్టేది మేమే, తప్పు పెట్టి మేడమ్‌తో తిట్లు తినేది కూడా మేమే. లీడర్ ఎవరైనా అమ్మాయే, లెక్కల్లో ఫస్ట్ ఎవరైనా అమ్మాయే, లాస్ట్ కూడా అమ్మాయే. అందుకని లెక్కలు మగపిల్లల సబ్జెక్టు అన్న ఆలోచన మాకు రావడానికి అవకాశమే లేదు. తర్వాత ఒక కోడింగ్ వర్క్‌షాప్‌లో ముగ్గురికి ఒక సిస్టమ్ ఇచ్చినప్పుడు కీబోర్డు దానంతట అదే అబ్బాయి ముందుకి వెళ్ళింది. నేను నోట్స్ రాసుకుంటూ కూర్చున్నాను. ఎవరూ నన్ను రాయమని చెప్పలేదు. రెండో రోజు మధ్యాహ్నానికి గాని నాకు ఆ సంగతి తట్టలేదు. తట్టడానికి కారణం మాత్రం నా బడే. కీబోర్డు నా ముందు ఉండటం ఎలా ఉంటుందో నాకు ముందే తెలుసు కాబట్టి అది పోయినప్పుడు తెలిసింది.

లలిత క్వీన్ మేరీస్‌లో ఏం అనుకున్నారో నాకు తెలిసే దారి లేదు. ఫలితం మాత్రం తెలుసు. ఇంటర్మీడియట్ ఫస్ట్ క్లాసులో పాసయ్యారు. పెళ్ళి, పురుడు, భర్త మరణం అన్నీ మూడేళ్ళలో చూసిన అమ్మాయికి, నేను కూడా ఒక పరీక్షలో ముందు నిలబడగలను అని రుజువు దొరికింది. ఆ కాగితం లేకపోతే తర్వాతి మెట్టు లేదు.

ఆ మెట్టు గిండీ. గిండీ కాలేజీ చాలా పాతది. 1794లో సర్వే నేర్పే బడిగా మొదలైంది. 1940 దాకా, అంటే దాదాపు నూట యాభై ఏళ్ళు, అక్కడ ఇంజనీరింగ్ చదివిన అమ్మాయి లేదు. అమ్మాయి అడిగితే ఏం చేయాలో కూడా ఎవరూ ఆలోచించి పెట్టుకోలేదు. సుబ్బారావు గారు ప్రిన్సిపాల్ కె.సి. చాకోతో, ప్రెసిడెన్సీ విద్యాశాఖ డైరెక్టర్ ఆర్.ఎం. స్టేథమ్‌తో మాట్లాడారు. ఇద్దరూ ఒప్పుకున్నారు. లలిత ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో చేరారు. ఇక్కడ కూడా నిజం ఒప్పుకోవాలి. అదే కాలేజీ ప్రొఫెసర్ కూతురు కాకపోతే ఆ దరఖాస్తు అంత దూరం వెళ్ళేదా అంటే, వెళ్ళేది అని నేను అనలేను. మహిళా కాలేజీ ఆమెని తలుపు దాకా తీసుకొచ్చింది. తలుపు తీయించింది తండ్రి.

అప్పుడు లలిత వయసు దాదాపు ఇరవై ఒకటి. రెండేళ్ళు పూర్తిగా ఆడపిల్లల మధ్య చదివి, ఒక్కసారిగా కాలేజీ మొత్తంలో ఒకే ఒక్క అమ్మాయిగా అడుగుపెట్టారు. హాస్టల్లో విడిగా వసతి ఇచ్చారు. పాప బంధువుల ఇంట్లో పెరుగుతోంది, సెలవు రోజుల్లో వెళ్ళి చూసుకునేవారు. తోటి అబ్బాయిలు ఇబ్బంది పెట్టలేదని, మర్యాదగానే ఉన్నారని ఆమె గురించి రాసినవాళ్ళు చెప్తారు. ఇబ్బంది పెట్టేవాళ్ళు లేకపోయినా ఒంటరితనం ఉంటుంది. డ్రాయింగ్ షీటులో ఒక గీత తప్పు పోతే పక్కనున్న అమ్మాయిని అడిగి నవ్వుకోవడం ఉండదు. తప్పు చేస్తే అది లలిత తప్పు అవ్వదు, ఆడపిల్లల తప్పు అవుతుంది. ఆ బరువు మోసుకుంటూ చదవాలి.

ఆమె ఏం చేశారన్నదే నాకు ఈ కథలో అన్నిటికంటే ముఖ్యం. చదువు మానేయలేదు. అలాగని పళ్ళు బిగబట్టి ఒంటరిగా నాలుగేళ్ళు గడపలేదు కూడా. ఇంకా అమ్మాయిలు కావాలని కోరారు. సుబ్బారావు గారి చొరవతో, ఇంజనీరింగ్‌లో అమ్మాయిలకి కూడా సీట్లు ఇస్తామని కాలేజీ ప్రకటించింది. కేరళ ప్రాంతం నుంచి ఇద్దరు వచ్చారు. లీలమ్మ జార్జ్, పి.కె. త్రేసియా. ఇద్దరూ సివిల్. గిండీలో ఆడపిల్లల సంఖ్య ఒకటి నుంచి మూడు అయింది. అంకె చిన్నదే. కానీ ఒకటికీ మూడుకీ మధ్య ఉన్న దూరం హాస్టల్లో ఉన్నవాళ్ళకి తెలుసు.

ఇదే రోజుల్లో ఇంకో తెలుగు కాలేజీలో ఇలాంటిదే జరిగింది. దుర్గాబాయి, తర్వాత దుర్గాబాయి దేశ్‌ముఖ్ అయిన ఆమె, వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదవాలనుకున్నారు. అమ్మాయిలకి హాస్టల్ లేదన్నారు. ఆమె పత్రికలో ప్రకటన వేయించి, చదువు కోసం రావాలనుకునే మిగతా అమ్మాయిలని పోగుచేసి, హాస్టల్ పెట్టించి మరీ చేరారు. ఆ దుర్గాబాయే పన్నెండేళ్ళ వయసులో రాజమండ్రిలో ఆడపిల్లల కోసం హిందీ పాఠశాల నడిపారు, తర్వాత మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. ఇద్దరి జీవితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి కనబడుతుంది. ఆడపిల్లల మధ్య చదువు ఎలా సాగుతుందో రుచి చూసినవాళ్ళు, అది లేని చోటికి వెళ్ళినప్పుడు దాన్ని మళ్ళీ కట్టుకున్నారు. పిన్ని దృష్టిలో మహిళా కాలేజీ అంటే గోడ. లలిత అక్కడి నుంచి గిండీకి తీసుకెళ్ళింది మాత్రం తోడు ఉండాలన్న పట్టుదల.

రెండో ప్రపంచ యుద్ధం వల్ల కోర్సుని కొన్ని నెలలు కుదించారు. లలిత కంటే ఆ ఇద్దరూ జూనియర్లు అయినా, ముగ్గురూ ఒకేసారి బయటికి వచ్చారు. 1943లో చదువు పూర్తయింది. డిగ్రీ పట్టా దగ్గర ఒక చిన్న చిక్కు వచ్చింది. ముందే అచ్చు వేసి పెట్టుకున్న పట్టాల మీద అభ్యర్థి గురించి ఇంగ్లీషులో హి అనే ఉంది. షి అని రాయాల్సిన అవసరం అంతకుముందు ఎప్పుడూ రాలేదు. ఆ ముద్రించిన మాట కొట్టేసి, షి అని దిద్ది ఇచ్చారు. ప్రోగ్రామింగ్ చదివే మనకి ఇది బాగా అర్థమవుతుంది. ఫార్మ్ తయారుచేసినవాళ్ళు ఊహించని ఇన్‌పుట్ వచ్చింది. ఎవరో ఒకరు చేత్తో దిద్దాల్సి వచ్చింది.

ఆ ముగ్గురి తర్వాతి జీవితాలు చూడండి. త్రేసియా కేరళ పబ్లిక్ వర్క్స్ శాఖలో పనిచేసి 1971లో చీఫ్ ఇంజనీర్ అయ్యారు. మన దేశంలో ఒక రాష్ట్రానికి చీఫ్ ఇంజనీర్ అయిన మొదటి మహిళ ఆమే. లీలమ్మ కూడా ప్రభుత్వ శాఖలో చేరి, ఇంగ్లాండ్ వెళ్ళి టౌన్ ప్లానింగ్ చదివి వచ్చారు. ఒక అమ్మాయి ఒంటరితనం పోవడం కోసం తెరిచిన దారి ఇది. లలిత కోరకపోతే వాళ్ళిద్దరూ ఇంకెప్పుడో, ఇంకెక్కడో చదివేవారేమో. ఆ ఏడాది గిండీలో మాత్రం ఉండేవారు కాదు.

లలిత చదువు తర్వాత బీహార్‌లోని జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో ప్రాక్టికల్ ట్రైనింగ్ పూర్తి చేశారు. 1862లో పెట్టిన పెద్ద వర్క్‌షాప్ అది. అక్కడి నుంచి సిమ్లా వెళ్ళి సెంట్రల్ స్టాండర్డ్స్ ఆర్గనైజేషన్‌లో ఇంజనీరింగ్ అసిస్టెంట్‌గా చేరారు. అక్కడ తమ్ముడో అన్నో ఎవరో ఒకరు తోడుంటే తప్ప కుదిరేది కాదు. సిమ్లాలో సోదరుడి కుటుంబం ఉండటం వల్ల పాపతో అక్కడ ఉండగలిగారు. ఆ ఉద్యోగం చేస్తూనే లండన్‌లోని ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎలక్ట్రికల్ ఇంజనీర్స్ పరీక్ష రాశారు.

1946 చివర్లో ఆ ఉద్యోగం వదిలి, తండ్రి పరిశోధనలో సాయం చేయడానికి మద్రాసు వచ్చారు. జెలెక్ట్రోమోనియం అనే విద్యుత్ సంగీత వాద్యం, పొగ రాని పొయ్యిలు, విద్యుత్తుతో మంట పుట్టించే పరికరం, ఇవి సుబ్బారావు గారి ప్రయోగాలు. పని ఆసక్తిగానే ఉండేది, కానీ దాంతో ఇల్లు గడవదు. ఆమెకి నిలకడైన జీతం కావాలి. కొన్ని నెలల తర్వాత కలకత్తా వెళ్ళి, 1948లో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ అనే బ్రిటిష్ కంపెనీలో చేరారు. కలకత్తాలో ఇంకో సోదరుడు ఉన్నారు. ఆయన ఇంట్లో ఉంటూ ఆఫీసుకి వెళ్ళేవారు. వదిన గారికి దాదాపు పాప వయసు పిల్లాడే ఉన్నాడు. పిల్లలిద్దరినీ వదినే చూసుకునేవారు. మొదటి మహిళా ఇంజనీర్ అని మనం ఒక్క పేరు రాస్తాం. ఆ పేరు వెనక వంటింట్లో ఇంకో ఆడమనిషి ఉన్నారు. ఆమె చేసిన పనికి పట్టా ఎవరూ ఇవ్వలేదు.

కంపెనీలో లలిత పని డిజైన్. హైటెన్షన్ లైన్లు డిజైన్ చేయడం, సబ్‌స్టేషన్ లేఅవుట్లు గీయడం, లైన్లో లోపం వస్తే మిగతా వ్యవస్థ దెబ్బతినకుండా కాపాడే రక్షణ పరికరాలు ఎంచడం, కాంట్రాక్టులు అమలయ్యేలా చూడటం. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో దేశం మొత్తం ఆనకట్టలు, పవర్ హౌస్‌లు కడుతోంది. వాటిలో పెద్దది పంజాబ్ వైపు సట్లెజ్ నది మీద కట్టిన భాక్రా నంగల్. అక్కడి విద్యుత్ జనరేటర్ల పనిలో లలిత పాలుపంచుకున్నారు. మన నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన జరిగింది 1955 డిసెంబరు 10న. సాగర్ డిజైన్‌తో ఆమెకి సంబంధం ఉందని నేను చెప్పడం లేదు. మా పొలాలకి ఏ కాలంలో నీళ్ళూ కరెంటూ వచ్చాయో, ఆ కాలపు ఇంజనీర్ ఆమె అని మాత్రం చెప్తున్నాను. టవర్లు లెక్కపెట్టినప్పుడు నాకు తెలియని ఆ గీతలు గీసే మనిషి ఎలా ఉంటారో ఇప్పుడు నేను ఊహించుకోగలను. చీర కట్టుకుని, డ్రాయింగ్ ముందు కూర్చుని, సాయంత్రం కాగానే కూతురి దగ్గరికి వెళ్ళే ఒక మనిషి.

1953లో లండన్ ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎలక్ట్రికల్ ఇంజనీర్స్ ఆమెని అసోసియేట్ మెంబర్‌గా ఎన్నుకుంది, 1966లో పూర్తి సభ్యత్వం ఇచ్చింది. వాటి మధ్యలో 1964 జూన్‌లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్లు, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సదస్సు జరిగింది. ఎన్నో దేశాల నుంచి వందల మంది వచ్చారు. మన దేశంలో అలాంటి సంఘం శాఖ ఏదీ అప్పటికి లేదు. అందుకని లలిత ఏ సంస్థ తరఫునా కాకుండా సొంత హోదాలో వెళ్ళారు. గిండీలో ఒక్కరే అమ్మాయిగా అడుగుపెట్టిన ఇరవై నాలుగేళ్ళకి, గది నిండా మహిళా ఇంజనీర్లు ఉన్న చోట కూర్చున్నారు. క్వీన్ మేరీస్ తర్వాత ఆమె మళ్ళీ అలాంటి గదిలో ఉండటం బహుశా అప్పుడే.

మరుసటి ఏడాది, 1965లో, లండన్‌లోని విమెన్స్ ఇంజనీరింగ్ సొసైటీలో పూర్తి సభ్యురాలయ్యారు. ఆ సొసైటీ ఎలా పుట్టిందో తెలిస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో మగవాళ్ళు సైన్యంలోకి వెళ్తే ఫ్యాక్టరీల్లో యంత్రాలు నడిపింది ఆడవాళ్ళు. యుద్ధం అయిపోగానే వాళ్ళని ఇళ్ళకి వెళ్ళమన్నారు. వెళ్ళడం ఇష్టంలేనివాళ్ళ కోసం 1919 జూన్ 23న ఈ సొసైటీ మొదలైంది. లలిత పుట్టిన ఏడాదే అది, రెండు నెలలే తేడా. 1967లో ఇంగ్లాండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో రెండో సదస్సు జరిగినప్పుడు మన దేశంలో ఆ సొసైటీ ప్రతినిధిగా పనిచేసింది లలితే. అంటే గిండీలో మొదలుపెట్టిన పనే ఇంకొంచెం పెద్దగా చేశారు. ఇంకా అమ్మాయిలు రావాలి అనే పని.

ఆమె 1977లో ఉద్యోగ విరమణ చేశారు. రెండేళ్ళకే, 1979 అక్టోబరు 12న, అరవయ్యో ఏట చనిపోయారు.

ఇప్పుడు మా చెల్లి వెబ్ ఆప్షన్ల దగ్గరికి వస్తాను. లలిత మహిళా కాలేజీలో చదివారు కాబట్టే ఇంజనీర్ అయ్యారు అని రాస్తే అది అబద్ధం అవుతుంది. తండ్రి ఉన్నారు, సోదరులు ఉన్నారు, వదిన ఉన్నారు. అసలు ఆడపిల్లల బడులు నిజంగా తేడా తెస్తాయా అని తేల్చడం కష్టం. మంచి బడికి పంపే కుటుంబాలే పిల్లల్ని ముందుకి కూడా తోస్తాయి కాబట్టి, ఏది బడి గొప్పో ఏది ఇంటి గొప్పో విడదీయలేం. దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో పిల్లల్ని హైస్కూళ్ళకి లాటరీ పద్ధతిలో కేటాయించేవారు. దాన్ని వాడుకుని పరిశోధకులు లెక్క చూశారు. ఆడపిల్లల స్కూళ్ళలో పడ్డవాళ్ళు కాలేజీ ప్రవేశ పరీక్షల్లో మెరుగ్గా చేశారు, నాలుగేళ్ళ డిగ్రీలకి ఎక్కువగా వెళ్ళారు. కానీ సైన్స్, ఇంజనీరింగ్ వైపు వెళ్ళడంలో అమ్మాయిల్లో స్పష్టమైన తేడా కనబడలేదు. లలిత జీవితం చూశాక నాకు ఇది వింతగా అనిపించలేదు. ఆడపిల్లల బడి ధైర్యం ఇస్తుంది, మార్కులు ఇస్తుంది. అవతల గిండీ తలుపు తీసేవాళ్ళు లేకపోతే ఆ ధైర్యం టీచర్, డాక్టర్ దగ్గరే ఆగిపోతుంది.

అందుకే పిన్నికి ఈసారి వేరే జవాబు చెప్పాను. మహిళా కాలేజీ పెట్టండి, కానీ అబ్బాయిల కళ్ళ నుంచి దాచడానికి పెట్టొద్దు. అక్కడ ల్యాబ్‌లు బాగుంటే, బయట ఇంటర్న్‌షిప్‌లకి పంపిస్తే, రాత్రి ఎనిమిదింటికి హ్యాకథాన్ ఉన్నా వెళ్ళనిస్తేనే పెట్టండి. క్వీన్ మేరీస్ నుంచి బయటికి వచ్చే దారి గిండీ దాకా ఉంది కాబట్టే లలిత లలిత అయ్యారు. ఆ దారి మూసేసి ఉంటే అదే కాలేజీ ఆమెకి ఇంకో గది, ఇంకో మూల అయ్యేది. చెల్లికి కూడా ఒక మాట చెప్పాను. మామూలు కాలేజీలో చేరితే చేరు, కానీ బ్రాంచిలో అమ్మాయిలు తక్కువైతే ఒక్కదానివే నెట్టుకురావాలని చూడకు. పక్క సెక్షన్ అమ్మాయిలని కలుపుకో, జూనియర్లని పిలువు. మొదటి అమ్మాయిగా ఉండటం గొప్ప కావొచ్చు, చివరి అమ్మాయిగా మిగిలితే మాత్రం కాదు.

చివరికి చెల్లి రెండు రకాల కాలేజీలూ కలిపి పెట్టింది. మొదటి ఆప్షన్ ఏది పెట్టిందో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, నాకు తప్ప. నేను కూడా చెప్పను.

మొన్న సెలవులకి చిలుకూరు వెళ్తున్నప్పుడు బస్సులో మళ్ళీ కిటికీ పక్కన కూర్చున్నాను. టవర్లు లెక్కపెట్టాను. మధ్యలో నిద్రపట్టి లెక్క తప్పింది. కళ్ళు తెరిచేసరికి పక్క సీట్లో యూనిఫాం వేసుకున్న ఒక పాప, నాలుగో తరగతో ఐదో తరగతో చదువుతుంటుంది, వేలు చూపించుకుంటూ తనూ లెక్కపెడుతోంది. ఆ టవర్ల సంగతి మొదట నాకు ఎవరూ చెప్పలేదు. ఆ పాపకి నేను చెప్పాను.